మనకు తెలిసిన ఫుట్‌బాల్‌కి వాళ్లు కట్టే ధర

"అన్నా, ఇంటర్ గెలిచింది కదా, మరి డబ్బులు పడలేదేంటి?"

2025 మే 6 రాత్రి మిలాన్‌లో ఇటలీ క్లబ్ ఇంటర్ 4-3తో బార్సిలోనాను ఓడించి, యూరప్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి చేరింది. మ్యాచ్ అయిన కాసేపటికి, ఇంగ్లండ్‌లో మేముండే లెస్టర్ ఇంట్లో పై గదిలో అద్దెకుంటున్న గుంటూరు తమ్ముడు ఫోన్ నా ముందు పెట్టి ఈ మాట అడిగాడు. ఇంటర్ మీద ఇరవై పౌండ్లు వేశాడు. 99వ నిమిషంలో ఇంటర్ ఆటగాడు ఫ్రాటెసి గోల్ కొట్టగానే సోఫా మీంచి లేచి గెంతాడు కూడా. యాప్‌లో మాత్రం ఆ బెట్ పక్కన 'లాస్ట్', అంటే ఓడిందని ఉంది. అతను వేసింది 'ఫుల్ టైమ్ రిజల్ట్' అనే మార్కెట్‌లో, అంటే ఆ రకం పందెంలో. దాని లెక్క 90 నిమిషాలు, ఇంజురీ టైమ్‌తో ఆగిపోతుంది. స్కోరు సమమైతే ఆడించే ఎక్స్‌ట్రా టైమ్ అందులోకి రాదు. 93వ నిమిషంలో ఇంటర్ డిఫెండర్ అచెర్బి గోల్‌తో స్కోరు 3-3 అయింది కాబట్టి కంపెనీ లెక్కలో ఆ మ్యాచ్ డ్రా. ఫ్రాటెసి గోల్‌కి తమ్ముడు గెంతేసరికే ఆ ఇరవై పౌండ్లు పోయి ఉన్నాయి.

నాకౌట్ మ్యాచ్‌ల మీద కొత్తగా బెట్ వేసేవాళ్లలో చాలామంది పడే గుంట ఇదే. మొత్తం గోల్స్ సమమైతే బయటి గ్రౌండ్‌లో ఎక్కువ కొట్టిన జట్టునే గెలిపించే అవే గోల్ నిబంధనని 2021లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ఎత్తేశాక మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లే దారులు ఇంకా పెరిగాయి. ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది, అతనికీ వెంటనే అర్థమైంది. ఆ తర్వాత అతనన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. "సరే అన్నా, ఈసారి టు క్వాలిఫైలో వేస్తా, ఎలాగైనా ముందుకెళ్తే చాలు. ఏదేమైనా మ్యాచ్‌ని మాత్రం కరెక్ట్‌గానే చదివాను కదా."

నిజమే, చదివాడు. బార్సిలోనా డిఫెన్స్ బాగా ముందుకొచ్చి ఆడుతుందనీ, దాని వెనక ఉన్న ఖాళీలోకి ఇంటర్ ఆటగాడు డంఫ్రీస్ పరుగెడితే ఆపేవాళ్లు లేరనీ వారం నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఇంటర్ మొదటి గోల్‌కీ, అచెర్బి గోల్‌కీ బంతి అందించింది డంఫ్రీసే. ఇరవై మూడేళ్ల కుర్రాడు, ఫుట్‌బాల్ ఆడింది కాలేజీ గ్రౌండ్‌లోనే. అయినా అతని చూపు బాగుంది. నా భయమల్లా ఆ చూపు గురించే.

ఆట తెలియనివాళ్లే పందేల్లో డబ్బు పోగొట్టుకుంటారని మనలో చాలామంది నమ్మకం. ఇన్నేళ్లుగా చుట్టూ చూస్తున్నదాన్ని బట్టి నేను దానికి పూర్తిగా ఎదురు వాదన చేస్తాను. ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ లాంటి చోట ఫుట్‌బాల్ బాగా తెలిసినవాడికే ప్రమాదం ఎక్కువ. తెలియనివాడు సరదాకి ఒకసారి వేసి మర్చిపోతాడు. తెలిసినవాడు మాత్రం తన తెలివికి ఎవరో ధర కడుతున్నారని నమ్మి మళ్లీ మళ్లీ వస్తాడు. ఈ వ్యాపారం బతికేది ఆ నమ్మకం మీదే.

సరిగ్గా చదివినవాడు ఓడిన రాత్రి

అదే ఏడాది మార్చి 5న పారిస్‌లో అక్కడి క్లబ్ పీఎస్‌జీ, లివర్‌పూల్ ప్రిక్వార్టర్స్ ఫస్ట్ లెగ్, అంటే రెండు మ్యాచ్‌ల పోరులో మొదటిది, గుర్తుందా? లీగ్ దశలో 36 జట్లలో లివర్‌పూల్ మొదటి స్థానంలో నిలిచింది. పీఎస్‌జీ 15వ స్థానంతో ప్లేఆఫ్ ఆడి రావాల్సి వచ్చింది. పట్టిక చూసినవాళ్లు లివర్‌పూల్ అన్నారు. జనవరిలో మాంచెస్టర్ సిటీ మీద 0-2 నుంచి 4-2కి తిరగబడిన మ్యాచ్ చూసినవాళ్లు మాత్రం, కోచ్ లూయిస్ ఎన్రికే నడిపే పీఎస్‌జీ ఇప్పుడు యూరప్‌లో ఎవరినైనా ఊపిరాడనివ్వదని చెప్పారు. ఆ రెండోవాళ్లు చెప్పినట్టే జరిగింది. పీఎస్‌జీ 27 షాట్లు కొట్టింది, లివర్‌పూల్ కొట్టింది రెండు. లివర్‌పూల్ గోల్‌కీపర్ అలిసన్ ఒక్కడే తొమ్మిది సేవ్‌లు చేశాడు. చివర్లో లివర్‌పూల్ తరఫున సలా బదులు దిగిన హార్వీ ఎలియట్, దిగిన నిమిషంలోపే గోల్ కొట్టాడు. 87వ నిమిషం. స్కోరు 0-1.

ఆ రాత్రి పీఎస్‌జీ గెలుస్తుందని బెట్ వేసినవాడు ఫుట్‌బాల్‌ని తప్పు చదివాడా? లేదు. వారం తర్వాత లివర్‌పూల్ సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో పీఎస్‌జీ 1-0తో గెలిచి, పెనాల్టీల్లో ముందుకెళ్లింది. మే 31న మ్యూనిక్‌లో ఇంటర్‌ని 5-0తో చిత్తు చేసి కప్పెత్తింది. ఫైనల్స్ చరిత్రలో అంత తేడాతో ఎవరూ గెలవలేదు. ఆ అభిమాని అంచనాకి రుజువు రావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. అతని బెట్‌ని మాత్రం 90 నిమిషాల్లో తేల్చేశారు.

లివర్‌పూల్ మీద వేసినవాడి సంగతి నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. అతను మ్యాచ్‌ని తప్పు చదివాడు, డబ్బులు మాత్రం వచ్చాయి. మర్నాడు ఆఫీసులో "నేను చెప్పలా?" అంటాడు. ఆ డబ్బుతో పాటు తన మీద తనకి కొండంత నమ్మకం కూడా వచ్చింది. తప్పు చేసినవాడికి బహుమతీ, ఒప్పు చెప్పినవాడికి శిక్షా పడుతుంటే, ఇక్కడ అనుభవంతో ఎవరైనా ఏం నేర్చుకుంటారు?

ప్రీమియర్ లీగ్ లాంటి చోట అయితే సీజన్‌కి 38 మ్యాచ్‌లు. అదృష్టం ఇటూ అటూ సర్దుకుని, మే నెలకి మంచి జట్టు పైకి వస్తుంది. నాకౌట్‌లో ఉన్నవి రెండు మ్యాచ్‌లు, ఫైనల్లో ఒక్కటే. ఫుట్‌బాల్‌లో మ్యాచ్‌కి పడేవి మామూలుగా రెండో మూడో గోల్స్. అందులో ఒకటి, బంతి చేతికి తగిలిందని రిఫరీ అన్నాడనో, డిఫెండర్ కాలికి తగిలి దారి మళ్లిందనో పడితే మొత్తం కథే మారిపోతుంది. 2012 ఫైనల్లో సొంత స్టేడియంలో ఆడిన బేయర్న్, 83వ నిమిషంలో ఆధిక్యంలోకి వెళ్లింది. 88లో చెల్సీ ఆటగాడు ద్రోగ్బా హెడర్‌తో సమం, ఎక్స్‌ట్రా టైమ్‌లో బేయర్న్ ఆటగాడు రాబెన్ పెనాల్టీ మిస్, చివరికి కప్పు చెల్సీది. ఆ సాయంత్రం మ్యూనిక్‌లో ఎవరు మెరుగ్గా ఆడారో చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. అయినా ఆ మాటకి ఒక్క పౌండ్ కూడా రాలేదు.

మనం ఈ టోర్నీని ప్రేమించేది ఈ కారణానికే. అచెర్బికి అప్పటికి 37 ఏళ్లు. ఆ రాత్రికి ముందు యూరోపియన్ క్లబ్ పోటీల్లో అతను ఒక్క గోల్ కూడా కొట్టలేదు. సెంటర్ డిఫెండర్‌కి ఆఖరి నిమిషంలో పెనాల్టీ బాక్సులో ఏం పని? ఆ పని ఉందని ఎవరూ ముందు చెప్పలేకపోవడమే ఆ గోల్ అందం. ముందు చెప్పగలమని మనచేత డబ్బు కట్టించడం ఆ అందాన్నే అమ్ముకోవడం.

తెలిసిన కొద్దీ పెరిగే బెట్లు

జ్ఞానం పెరిగితే అంచనా ఎంత మెరుగుపడుతుందో గాని, బెట్ల సంఖ్య మాత్రం తప్పకుండా పెరుగుతుంది. ఆట తెలియనివాడికి ఒక మ్యాచ్‌లో కనిపించేది మూడే దారులు: గెలుపు, ఓటమి, డ్రా. తమ్ముడికి? డంఫ్రీస్ ఎన్ని షాట్లు కొడతాడు, ఎల్లో కార్డు ఎవరికి పడుతుంది, కార్నర్లు ఎన్ని, మొదటి సగంలో గోల్ పడుతుందా. 'బెట్ బిల్డర్' అనేదాన్ని సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే తయారుచేశారు. ఒకే మ్యాచ్‌లో మనకి తెలిసిన నాలుగైదు విషయాలు ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోతే, పక్కన ఆడ్స్, అంటే గెలిస్తే పౌండ్‌కి ఎన్ని పౌండ్లు వస్తాయో చెప్పే అంకె, పెరుగుతూ కనిపిస్తాయి. తెలిసిన ప్రతి చిన్న సంగతికీ ఒక బటన్ ఉంటుంది. ఆటలో ఓ మూల జరిగేదాన్ని గమనించే చూపు ఉన్నవాడికి ఆ స్క్రీన్ ఎంత ముద్దొస్తుందో నేను పక్కన కూర్చుని చూశాను. పరీక్షలో అన్నీ తనకొచ్చిన ప్రశ్నలే పడ్డ పిల్లాడి ముఖం అది.

ఇప్పుడు లెక్క చూద్దాం. సమ ఉజ్జీలైన రెండు జట్ల మ్యాచ్‌కి ఆడ్స్ సుమారుగా ఇలా ఉంటాయనుకోండి: ఇంటి జట్టు 2.10, డ్రా 3.40, బయటి జట్టు 3.60. ఒకటిని ఒక్కో ఆడ్స్‌తో భాగించి కూడితే వంద శాతం రావాలి. వచ్చేది 104.8. పైనున్న ఆ 4.8 కంపెనీది. అంటే మన అంచనా మార్కెట్ అంచనాతో, అంటే ఆ ఆడ్స్ వెనకున్న అంచనాతో, సమానంగా ఉన్నా, వంద కడితే నాలుగైదు పౌండ్లు వేసేటప్పుడే పోయినట్టు. మనం లాభపడాలంటే మార్కెట్ కంటే కాస్త మెరుగ్గా చదివితే సరిపోదు, ఆ కోత దాటేంత మెరుగ్గా, అదీ ప్రతిసారీ చదవాలి. ఇలాంటి ఐదు మ్యాచ్‌లు కలిపి, అన్నీ గెలిస్తేనే డబ్బొచ్చే యాక్యుమ్యులేటర్ వేస్తే ఆ కోత ఐదుసార్లు పడుతుంది. పది పౌండ్లలో రెండు పౌండ్ల పైచిలుకు అక్కడే ఆవిరి. పైగా ఒక్కోదానికి గెలిచే అవకాశం 60 శాతం ఉన్నా, ఐదూ కలిసి వచ్చే అవకాశం ఎనిమిది శాతం లోపే. నాలుగు వచ్చి ఒకటి పోయిన స్లిప్పు చూసి "కొంచెంలో తప్పింది" అనుకుంటాం. ఆ లెక్కలో కొంచెంలో తప్పడమే మామూలు సంగతి.

మనకి తెలిసింది వాళ్లకి తెలియదా అన్నది ఇంకో ప్రశ్న. జట్టు లైనప్ బయటికొచ్చిన క్షణాల్లో ఆడ్స్ మారిపోతాయి. డంఫ్రీస్ ఫిట్‌గా ఉన్నాడన్న సంగతి, బార్సిలోనా డిఫెన్స్ ముందుకొస్తుందన్న సంగతి ఆ 2.10లోనో 3.60లోనో ఎప్పుడో కలిసిపోయాయి. మనం కొత్తగా తెచ్చామనుకున్న తెలివికి అప్పటికే ఎవరో వెల కట్టేశారు.

ఇక టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో 'ష్యూర్ టిప్స్' ఇచ్చేవాళ్లు. ఇప్పుడు తెలుగులో కూడా ఉన్నారు. వాళ్లిచ్చే లింకు మీద నొక్కి ఖాతా తెరిస్తే, చాలా ఒప్పందాల్లో వాళ్ల కమిషన్ ఆ ఖాతాదారుడు పోగొట్టుకున్న డబ్బులో వాటాగా వస్తుంది. టిప్ ఇచ్చినవాడికి మన ఓటమి మీద ఆదాయం. దీన్ని తెలుసుకున్నాక కూడా ఆ గ్రూపుల్లో ఉండేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

మరి గెలిచేవాళ్లు లేరా?

ఉన్నారు. ఈ వాదన రాస్తూ నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. బ్రెంట్‌ఫర్డ్ యజమాని మాథ్యూ బెన్‌హామ్, బ్రైటన్ యజమాని టోనీ బ్లూమ్ ఇద్దరూ ఫుట్‌బాల్ పందేల మీద సంపాదించినవాళ్లే. ఆ డబ్బుతో, ఆ పద్ధతులతో రెండు చిన్న క్లబ్బుల్ని ప్రీమియర్ లీగ్‌కి తెచ్చి నిలబెట్టారు. కాబట్టి ఫుట్‌బాల్ జ్ఞానం డబ్బుగా మారదని నేనంటే అది అబద్ధం.

అయితే వాళ్ల జ్ఞానం ఏ రకమైంది? గణితం చదివినవాళ్లని కూర్చోబెట్టి, ప్రతి షాట్‌కీ గోల్ అయ్యే అవకాశం ఎంతో లెక్కగట్టి, మార్కెట్ ధరలో చిన్న తేడా దొరికిన చోటల్లా వేల బెట్లు వేసే పద్ధతి అది. ఒక్క రాత్రి ఓడితే వాళ్లకి ఏమీ కాదు. ఎలియట్ గోల్ లాంటివి ఏడాదికి ఎన్నో పడతాయని ముందే లెక్కలో రాసుకుంటారు. మన తమ్ముడు వారంలో ఒక మ్యాచ్ చూసి, డంఫ్రీస్ పరుగు గమనించి, ఇరవై పౌండ్లు వేయడానికీ దానికీ పోలికే లేదు. రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే మనవాళ్లు మోసపోతున్నారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇంగ్లండ్‌లో మామూలు ఖాతాదారుడు నిలకడగా గెలవడం మొదలుపెడితే, చాలా కంపెనీలు అతని స్టేక్, అంటే అతను వేయగల మొత్తం, తగ్గించేస్తాయి. యాభై పౌండ్లు వేయబోతే రెండు పౌండ్లకి మించి తీసుకోమంటాయి. చట్టం దీనికి అడ్డు చెప్పదు. దీని అర్థం ఒక్కసారి నెమ్మదిగా ఆలోచించండి. మీ ఖాతా మీద ఏ పరిమితీ లేదంటే, మీరు వేసిన బెట్లన్నీ చూసిన కంపెనీ మీ వల్ల తనకి నష్టం లేదని తేల్చుకుందన్నమాట. మీ తెలివి గురించి ప్రకటనల్లో ఏం చెప్పినా, వాళ్ల అసలు అభిప్రాయం అదే.

పోనీ, ఆటగాళ్లకంటే ఆట తెలిసినవాళ్లు ఎవరుంటారు? 2023 అక్టోబరులో యువెంటస్ మిడ్‌ఫీల్డర్ ఫాజోలీకి ఏడు నెలలు, న్యూకాసిల్‌లో ఆడుతున్న టొనాలీకి పది నెలలు నిషేధం పడింది. ఇద్దరూ బెట్టింగ్ కేసులోనే. ఫాజోలీ తన అప్పుల గురించి ఇచ్చిన వాంగ్మూలం ఇటలీ పత్రికల్లో వచ్చింది. ఛాంపియన్స్ లీగ్ స్థాయి ఆటగాడి కళ్లు కూడా ఆ వ్యసనంలో అతన్ని కాపాడలేదు. టొనాలీ మళ్లీ నిలదొక్కుకుని ఆడుతున్నందుకు మాత్రం నాకు నిజంగా సంతోషం.

మా ఊరు లెస్టర్ కాబట్టి 5000-1, అంటే పౌండ్ వేస్తే ఐదు వేలు వచ్చే కథ కూడా తప్పకుండా ఎదురవుతుంది. 2015-16లో లెస్టర్ లీగ్ గెలుస్తుందని సీజన్ మొదట్లో ఆ ధరకి వేసినవాళ్లు కొందరున్నారు. పబ్బులో ఎవరిని కదిపినా ఈ కథ చెబుతారు. కానీ ఆ బెట్ వేసినవాళ్లు లెక్కలు వేసి వేయలేదు. ఊరి జట్టు మీద ప్రేమతో, ఏటా వేసినట్టే వేశారు. ఆట తెలిసిన విశ్లేషకులు చాలామంది ఆ ఏడాది లెస్టర్ కింది డివిజన్‌కి పడిపోతుందేమో అన్నారు. కనుక ఆ కథ జ్ఞానానికి సాక్ష్యం కాదు, అయినా జ్ఞానం అమ్మేవాళ్లే దాన్ని ఎక్కువగా వాడుకుంటారు.

ఐదు పౌండ్లే కదా

"సినిమా టికెట్‌కి పదిహేను పౌండ్లు పెడతావు, నేను మ్యాచ్‌కి ఐదు పౌండ్లు పెడితే నీకేంటి?" కడప నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మా మిత్రుడి ప్రశ్న ఇది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అతను ఇల్లు, పిల్లలు, ఉద్యోగం చక్కగా చూసుకునే మనిషి. ఐదు పౌండ్లు అతన్ని ముంచవు. అతన్ని ఆపే హక్కు నాకు లేదనే అనుకుంటాను.

కానీ 2022 మే 4 రాత్రి అతని ముఖం నేను చూశాను. చిన్నప్పటి నుంచీ రియల్ మాడ్రిడ్ అభిమాని. ఆ రాత్రి మాంచెస్టర్ సిటీ ఫైనల్‌కి వెళ్తుందని బెట్ వేశాడు. ఐదు కాదు, ముప్పై పౌండ్లు. "మనోళ్లు ఓడితే కనీసం డబ్బులైనా వస్తాయి, గెలిస్తే ఆనందం ఎలాగూ ఉంది" అన్నాడు. చాలామంది అభిమానులు చెప్పే లెక్కే, వినడానికి బాగుంటుంది. 89వ నిమిషం దాకా రెండు మ్యాచ్‌లూ కలిపి సిటీ 5-3తో ముందుంది. అతను నిరాశలో ఉన్నా ఫోన్ చూసుకుంటూ స్థిమితంగానే ఉన్నాడు. 90లో మాడ్రిడ్ ఆటగాడు రొడ్రీగో గోల్. నిమిషం తర్వాత మళ్లీ రొడ్రీగో. గదిలో అరుపులు. అతను లేచి నిలబడ్డాడు గాని చూపు మాత్రం చేతిలో ఉన్న ఫోన్ మీదికి పోయింది, క్యాష్ అవుట్, అంటే బెట్‌ని మధ్యలోనే వదులుకుంటే కంపెనీ ఇచ్చే మొత్తం, ఎంతకి పడిపోయిందో చూడటానికి. రెండు మూడు క్షణాలే. తర్వాత అతనూ అరిచాడు, బెంజెమా పెనాల్టీకి ఏడ్చాడు కూడా. కానీ మాడ్రిడ్ సొంత స్టేడియం బెర్నబ్యూలో అలాంటి రాత్రి జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? ఆ మొదటి రెండు క్షణాలు ముప్పై పౌండ్లకి పోయాయి. వాటిని ఏ లెక్కలో రాయాలో నాకు తెలియదు, కానీ ఆ టికెట్ ధర ఐదు పౌండ్లని మాత్రం ఒప్పుకోలేను.

ఇంకోటి గమనించారా? ఆ పని మీదే స్టేడియంలో కూర్చున్నవాళ్లు బెట్టింగ్ కంపెనీలకి సమాచారం క్షణాల్లో పంపుతారు. మన స్ట్రీమింగ్ అరనిమిషం దాకా వెనకబడి ఉంటుంది. అందుకని టీవీలో బంతి ఇంకా మిడ్‌ఫీల్డ్‌లో ఉండగానే యాప్‌లో ధరలన్నీ మసకబారి 'సస్పెండెడ్' అని వస్తుంది. ఏదో జరగబోతోందని యాప్ తెరిచి ఉన్నవాడికి ముందే తెలిసిపోతుంది. ఇంటర్, బార్సిలోనా మ్యాచ్‌లో బార్సిలోనా ఆటగాడు రాఫిన్యా గోల్‌కి ముందు మా గదిలో ఒకరు "అయిపోయింది" అని నెమ్మదిగా అన్నారు. మిగతావాళ్లం అటు తిరిగి చూసేసరికి టీవీలో ఎటాక్ అప్పుడే మొదలవుతోంది. గోల్ పడింది, ఎవరం అరవలేదు.

చొక్కా మీద పేరు

తమ్ముడు బెట్ వేసిన ఇంటర్ ఆటగాళ్ల చొక్కా మీద ఆ సీజన్‌లో ఉన్న పేరు 'బెట్సన్ డాట్ స్పోర్ట్'. ఇటలీలో జూద ప్రకటనల మీద 2018లో చేసిన చట్టంతో నిషేధం ఉంది. అందుకే పందేల కంపెనీ తన పేరుతోనే ఒక క్రీడా వార్తల సైట్ పెట్టి ఆ పేరుని చొక్కా మీద వేసింది. మనకి ఇది కొత్తేమీ కాదు. క్రికెట్ చూస్తున్నప్పుడు బెట్టింగ్ యాప్‌ల పేర్లే 'న్యూస్' అనీ, 'బ్లాగ్' అనీ తోక తగిలించుకుని మన టీవీల్లో తిరిగాయి. 2022లో కేంద్ర సమాచార శాఖ వీటిని ఆపమని సూచనలు కూడా ఇచ్చింది. ఇంగ్లండ్‌లో నిషేధమే లేదు, కాబట్టి ముసుగూ అక్కర్లేదు. అదే టోర్నీ క్వార్టర్ ఫైనల్లో పీఎస్‌జీతో ఆడిన ఆస్టన్ విల్లా జట్టు స్పాన్సర్ బెటానో అనే జూదం కంపెనీ. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2025-26 సీజన్ తర్వాత చొక్కా ముందు భాగంలో జూదం కంపెనీల పేర్లు తీసేయడానికి తమంతట తామే ఒప్పుకున్నాయి. చేతి మీద మాత్రం ఉండొచ్చు. గ్రౌండ్ చుట్టూ తిరిగే బోర్డుల మీదా ఉండొచ్చు.

మన పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేల్ని నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది. అక్కడ పోలీసు కేసుల వార్తలు చదివి వచ్చిన కుర్రాడు, ఇక్కడ హై స్ట్రీట్‌లో బ్యాంకు పక్కన మెరిసే బెట్టింగ్ షాపు చూసి "ఇక్కడ లీగల్ అన్నా" అంటాడు. చట్టం ఒప్పుకుంది కాబట్టి ప్రమాదం లేదని అతని మనసులో స్థిరపడిపోతుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు టర్మ్ నడుస్తుండగా వారానికి ఇరవై గంటలకి మించి పని చేయకూడదు. వేర్‌హౌస్‌లో గంటన్నరకి పైగా పెట్టెలు మోస్తే వచ్చేది ఆ ఇరవై పౌండ్లు. గుంటూరులో ఉన్న వాళ్ల నాన్న తీర్చాల్సిన లోన్ సంగతి నేను ఇక్కడ రాయను.

నిషేధమే మందని నేను అనను. నిషేధం ఉన్న చోట బుకీలు ఎలా నడుపుతారో మన జిల్లాల్లో తెలియనివాళ్లు లేరు. నేను కోరేవి చిన్నవి, చేయడానికి సులువైనవి. బెట్ వేసే బటన్ పక్కనే, ఆ ఖాతా తెరిచినప్పటి నుంచి ఇప్పటిదాకా మొత్తం ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్న అంకె పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇప్పుడు అది వెతుక్కుంటే గాని కనిపించదు. నాకౌట్ మ్యాచ్‌లకి '90 నిమిషాలు మాత్రమే' అన్న మాట జట్టు పేరుకి తగిలించి రాయాలి, నిబంధనల పేజీలో దాచకూడదు. గెలిచేవాడి స్టేక్ తగ్గించే కంపెనీకి, ఓడేవాడికి ఫ్రీ బెట్లు పంపే హక్కు ఉండకూడదు. మ్యాచ్ ముందు చర్చల్లో మాజీ ఆటగాళ్లు ఆడ్స్ చదవడం ఆపాలి. వాళ్లు చదివితే అది ధరలా కాకుండా జోస్యంలా వినిపిస్తుంది.

ఇవన్నీ చట్టసభలు చేయాల్సినవి. మన చేతిలో ఉన్నవి కూడా ఉన్నాయి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు, జూదానికి తమని తాము దూరం పెట్టుకునే గామ్‌స్టాప్ అనే సేవలో పేరు నమోదు చేసుకుంటే ఇక్కడ లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ కనీసం ఆరు నెలలు ఖాతా మూసేయాలి. చాలా బ్యాంకుల యాప్‌లలో జూదానికి డబ్బు పోకుండా ఆపే స్విచ్ ఉంది. తమ్ముడికి ఆ స్విచ్ చూపించాను, ఇంకా నొక్కలేదు. నొక్కమని రోజూ వెంటపడటం లేదు గాని అడగడం మానలేదు. మన తెలుగు ఫుట్‌బాల్ గ్రూపులు నడిపేవాళ్లకి ఒక విన్నపం. గెలిచిన స్లిప్పుల స్క్రీన్‌షాట్లు పెట్టనివ్వకండి. పెట్టితీరాలంటే, ఆ ఖాతాలో అప్పటిదాకా మొత్తం లాభనష్టాల పేజీ కూడా పక్కనే పెట్టమనండి.